18-55 తర్వాత ఏ లెన్స్ కొనాలి? (కందుకూరు తమ్ముడి ప్రశ్నకు జవాబు)

కందుకూరు నుంచి డిగ్రీ చదివే తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. చేతిలో కెనాన్ 1500డి, దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్ (కిట్ లెన్స్ అంటాం) ఉన్నాయి. ఆ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. ఇంట్లో ఇరవై వేల దాకా ఇస్తామన్నారు. "50 ఎఫ్/1.8 కొననా, 55-250 కొననా, లేకపోతే ఇంకో ఏడాది ఆగి 150-600 కొననా అన్నా? అందరూ పెట్టే గూడబాతుల ఫోటోలు చూస్తుంటే నావి అసలు ఫోటోల్లాగే అనిపించట్లేదు" అన్నాడు. (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ రంధ్రం అంత పెద్దది, వెలుతురు అంత ఎక్కువ.) ఈ మధ్య తీసినవి నాలుగు పెట్టాడు: నేలపట్టు పక్షుల కేంద్రంలో గూళ్ళు, పులికాట్ సరస్సు మధ్య శ్రీహరికోట రోడ్డు మీంచి ఫ్లెమింగోలు, నెల్లూరు రొట్టెల పండుగ, కొత్తపట్నం బీచ్‌లో పొద్దుపొడుపు. చివర్లో యూవీ ఫిల్టర్ సంగతి కూడా అడిగాడు.

సూటిగా చెప్తా. 55-250 ఎస్‌టీఎం (అది లోపలి ఫోకస్ మోటారు రకం పేరు) సెకండ్ హ్యాండ్‌లో కొను. మిగిలిన డబ్బుతో 50 ఎఫ్/1.8 కొను. 150-600 ఇప్పుడు వద్దు, కావాలంటే ఒక్కరోజు అద్దెకు తెచ్చి వాడి చూడు. రెండూ బడ్జెట్‌లో పట్టకపోతే 55-250 ముందు. ఎందుకో, నా మాట ఎక్కడ నీకు వర్తించదో కింద రాస్తున్నా. పెద్దదే అవుతుంది, తీరిగ్గా చదువు.

ముందు నేలపట్టు ఫోటో. (నేలపట్టు ఉన్న దొరవారిసత్రం, పులికాట్ దగ్గరి సూళ్ళూరుపేట 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నాయిలే, కానీ నెల్లూరోళ్ళం ఎవరూ ఆ లెక్క పట్టించుకోం.) వివరాలు చూస్తే 55 దగ్గర తీశావు, అంటే నీ లెన్స్ ఇవ్వగలిగినంతా లాగేశావు, అయినా పక్షులు తెల్ల చుక్కల్లా ఉన్నాయి. ఇక్కడ లెన్స్ నిజంగానే సరిపోలేదు, నీ తప్పేం లేదు. కానీ దీనికి 600 కూడా అక్కర్లేదు. అక్కడ గూడబాతులు చెరువు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు కడతాయి, కట్టకు దగ్గరగా ఉన్న చెట్లను పట్టుకుంటే 250తో గూడు, తల్లి, పిల్లలు హాయిగా ఫ్రేములోకి వస్తాయి. నాకు అక్కడ నచ్చిన ఫోటోలన్నీ 200 నుంచి 250 మధ్యలో తీసినవే. పిల్ల ఆకలేసినప్పుడు రెక్కలు కొట్టుకుంటూ తల్లి గొంతు సంచిలోకి మెడదాకా తల దూర్చేస్తుంది చూడు, ఆ క్షణంలో పక్క కొమ్మ మీద నిలబడ్డ రెండో పిల్ల కూడా ఫ్రేములో ఉంటేనే అందం. అక్కడ 600 పెడితే ఒక్క ముక్కు మిగులుతుంది.

ఆ ఫోటోలో ఇంకో సమస్య ఉంది, అది లెన్స్ మారిస్తే పోదు. పక్షుల ఒంటి మీద ఈకల గీతలే లేవు, సున్నం పూసినట్టు కాలిపోయింది. చుట్టూ ముదురు ఆకుపచ్చ ఎక్కువ ఉండేసరికి కెమెరా "చీకటిగా ఉంది" అనుకుని వెలుతురు పెంచింది. అక్కడ ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా ఎంచుకున్న వెలుతురును మనం పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ 2/3 నుంచి మైనస్ 1 దాకా పెట్టు. అదే పక్షి ఆకాశంలో ఎగురుతుంటే లెక్క తిరగబడుతుంది: వెనక అంతా తెల్లగా ఉంటే కెమెరా భయపడి తగ్గిస్తుంది, పక్షి నల్లబడుతుంది, అప్పుడు ప్లస్ 1 కావాలి. తెల్ల పక్షి కాబట్టి ఎప్పుడూ మైనసే అని ఎవరైనా చెప్తే నమ్మకు, వెనక ఏముందో చూసి తిప్పు.

ఎగిరేవాటికి షట్టర్ వేగం 1/1600 సెకను పెట్టుకో. నీ 1500డి సెకనుకు మూడు ఫోటోలే తీస్తుంది, దాంతో గాల్లో ఎగిరే పిట్టను వెంటాడటం దండగ. గూడబాతు బరువైన పక్షి, దిగేటప్పుడు గాలికి ఎదురుగానే దిగుతుంది. గాలి నీ వీపుకు తగిలేలా నిలబడ్డావంటే నీ వైపు మొహం పెట్టి కాళ్ళు ముందుకు చాపి దిగుతుంది. ఇది తెలిస్తే మూడు ఫోటోల వేగం చాలు. ఫోకస్ పాయింట్లలో మధ్యది ఒక్కటే వాడు, మిగతా ఎనిమిదీ నెమ్మది.

ఇప్పుడు ఫ్లెమింగోలు, అసలు గొడవంతా ఇక్కడే ఉంది. పులికాట్ చూసొచ్చిన ప్రతివాడికీ పెద్ద లెన్స్ పిచ్చి పట్టుకుంటుంది. కొంచెం లెక్క వేద్దాం. ఫ్లెమింగో సుమారు 1.3 మీటర్ల ఎత్తు ఉందనుకో, నీకు 200 మీటర్ల దూరంలో నిలబడిందనుకో. నీ కెమెరాలో 250తో చూస్తే ఆ దూరంలో ఫ్రేము ఎత్తు దాదాపు 12 మీటర్లు. అంటే పక్షి ఫ్రేములో తొమ్మిదో వంతు, పిక్సెళ్ళలో 4000కి 430 చిల్లర. 600తో అయితే ఫ్రేము ఎత్తు 5 మీటర్లు, పక్షి నాలుగో వంతుకు కొంచెం పైన, వెయ్యి పిక్సెళ్ళు. బాగా తేడా ఉంది కదా, మరి కొనొచ్చు కదా అంటావు. కాగితం మీద ఉంది. పొద్దున తొమ్మిది దాటాక ఆ సరస్సు మీద గాలి వేడెక్కి అలలు అలలుగా కదులుతుంది, ఎండమావి అన్నమాట. లక్ష రూపాయల లెన్స్ పెట్టినా ఆ కదలికనే పెద్దది చేసి చూపిస్తుంది. పక్షి కాళ్ళు వంకర్లు పోయి, అంచులు అలుక్కుపోయి వస్తే చాలామంది లెన్స్‌ను తిడతారు, సర్వీస్‌కు కూడా పంపిస్తారు! ఆ మబ్బుతనం లెన్స్‌లో లేదు, మధ్యలో ఉన్న రెండు వందల మీటర్ల గాలిలో ఉంది.

అందుకే పులికాట్‌లో ముందు మార్చాల్సింది టైము. వెలుతురు వచ్చీ రాగానే అక్కడ ఉండాలి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ తూర్పుకు పోతుంది. శీతాకాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపు ఉన్న పక్షుల మీద వెలుగు నేరుగా పడుతుంది, గులాబీ రంగు కనిపిస్తుంది. నువ్వు దక్షిణం వైపు తీశావు, అందుకే అన్నీ నల్లటి బొమ్మలు. నల్ల బొమ్మలే కావాలనుకుని తీస్తే తప్పు లేదు, అలా కావాలని తీసినట్టు మాత్రం లేదు. ఇంకోటి, ఫ్లెమింగోలకు లోతు తక్కువ నీళ్ళు కావాలి. సరస్సు నిండుగా ఉన్న వారాల్లో పక్షులు రోడ్డుకు దగ్గరగా ఉంటాయని ఆశ పెట్టుకోకు. వెళ్ళే ముందు అటువైపు రోజూ తిరిగే వాళ్ళనెవరినైనా ఫోన్ చేసి అడుగు.

దగ్గరగా రాని పక్షిని దూరంగానే తియ్యి అంటాను నేను. 55-250ని 100 దగ్గర పెట్టి వందల పక్షుల వరస, పైన సగం ఫ్రేము ఆకాశం, ఒక పక్క వల పడవ. పక్షి గురించి మాట్లాడే ఫోటో వేరు, సరస్సు గురించి మాట్లాడే ఫోటో వేరు. రెండోది తీసేవాళ్ళు మనలో తక్కువ, అందరి లెన్సులూ పొడుగైపోయాయి కాబట్టి.

150-600 విషయం కూడా చెప్పేస్తా, అది చెడ్డ లెన్స్ అని అనుకోకు. సిగ్మా, టామ్రాన్ రెండిట్లోనూ అది సుమారు రెండు కిలోలు, ఆపైన బరువు, పసిబిడ్డను ఎత్తుకుని తిరిగినట్టే, అరగంటలో చేతులు లాగేస్తాయి. 55-250 ఎస్‌టీఎం 375 గ్రాములే. ఆ పెద్ద లెన్స్ 600 దగ్గర ఎఫ్/6.3, పొద్దున వెలుతురు చాలని వేళ ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 3200 దాటుతుంది, నీ కెమెరా బాడీ అక్కడ గింజలు గింజలుగా ఇస్తుంది. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) కావాలి, పెద్ద బ్యాగు కావాలి. పైగా దాని ధర నీ కెమెరా ధర కంటే చాలా ఎక్కువ. నెల్లూరు, ప్రకాశం వాళ్ళం చాలామంది చెన్నై నుంచి అద్దెకు తెచ్చుకుంటాం. ఐడీ, డిపాజిట్ అడుగుతారు. తీసుకునేటప్పుడు ముందు గాజు, వెనక గాజు, మౌంట్ (కెమెరాకు బిగించే చోటు) ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకో, తిరిగిచ్చేటప్పుడు మాట పడకుండా. రెండు శీతాకాలాలు 250తో తిరిగాక కూడా "ఇంకొంచెం పొడుగుంటే" అనిపిస్తుంటే అప్పుడు కొనుక్కో, నేనే వచ్చి నీతో కొనిపిస్తా.

మూడోది రొట్టెల పండుగ. నాలుగిట్లో నాకు బాగా నచ్చింది ఇదే, ఆ మాట ముందు చెప్పాలి. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఒకామె రొట్టె మడిచి ఇస్తోంది, పుచ్చుకునే ఆమె కొంగు నీళ్ళలో తేలుతోంది. కోరిక తీరినవాళ్ళు ఇచ్చే రొట్టె, అదే కోరిక ఉన్నవాళ్ళు పుచ్చుకునే రొట్టె కాబట్టి ఇద్దరి మొహాల్లో రెండు వేరే భావాలుంటాయి, అవి రెండూ నీ ఫ్రేములో ఉన్నాయి. అది లెన్స్ ఇచ్చింది కాదు. సాయంత్రమైపోయి ఐఎస్ఓ 6400కి పోయింది, మొహాలు మెత్తబడ్డాయి, అంతే లోపం.

ఇక్కడే 50 ఎఫ్/1.8 అవసరం. నీ కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6. ఎఫ్/1.8 అంటే దానికి దాదాపు పది రెట్ల వెలుతురు. ఐఎస్ఓ 6400 అవసరమైన చోట 640 చాలు. కానీ దీంట్లో ఒక మెలిక ఉంది, కొన్న మొదటి నెలలో అందరూ ఇక్కడే పడతారు. రెండు మీటర్ల దూరంలో ఎఫ్/1.8 పెడితే ఫోకస్‌లో ఉండేది పది సెంటీమీటర్ల మందం మాత్రమే. ఇచ్చే ఆమె కళ్ళు స్పష్టంగా ఉంటే పుచ్చుకునే ఆమె అలుక్కుపోతుంది. ఇద్దరు మనుషులుంటే ఎఫ్/4కి దించు. ఒక్క మొహం అయితే ఎఫ్/2, ఎఫ్/2.2. వెనక అంతా మసకగా ఉంటేనే ప్రొఫెషనల్ ఫోటో అని ఒక అపోహ నడుస్తోంది. రొట్టెల పండుగలో వెనక జనం, నీళ్ళు, దర్గా కనపడకపోతే ఆ ఫోటో ఎక్కడ తీసినా ఒకటే.

ఇంకో ఇబ్బంది, 50 అంటే నీ కెమెరాలో 80లాగా పని చేస్తుంది, క్రాప్ సెన్సర్ (పాత ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్న సెన్సర్) కాబట్టి. అంత జనంలో వెనక్కి జరగడానికి చోటుండదు. పగలు ఎండలో కిట్ లెన్స్ 24 నుంచి 35 మధ్య పెట్టి తీస్తేనే మేలు. పొద్దుగూకాక 50 తగిలించు. ఇళ్ళలో పుట్టినరోజులు, చిన్న గదుల్లో ఫోటోలే నీకు ముఖ్యమైతే 50 బదులు 24 ఎఫ్/2.8 పాన్‌కేక్ (పల్చటి చిన్న లెన్స్) ఆలోచించు, నా సలహా అక్కడ మారుతుంది. అడగకుండా ఆడవాళ్ళ మొహాల మీదకు లెన్స్ పెట్టొద్దు, నీళ్ళలో ఉన్నప్పుడు మరీను. తీశాక వెనక స్క్రీన్ మీద చూపిస్తే నూటికి తొంభై మంది నవ్వుతారు, వద్దంటే వాళ్ళ ముందే చెరిపెయ్యి.

కొత్తపట్నం ఫోటో సంగతి త్వరగా ముగిస్తా. దానికి కొత్త లెన్స్ ఏమీ అక్కర్లేదు. ఎఫ్/22లో తీశావు, ఎవరో "ల్యాండ్‌స్కేప్‌కు పెద్ద నంబర్" అని చెప్పి ఉంటారు. రంధ్రం అంత చిన్నదైతే కాంతి అంచుల దగ్గర విచ్చుకుని ఫోటో మొత్తం మెత్తబడుతుంది, మన క్రాప్ బాడీల్లో ఎఫ్/11 దాటాక అది కనపడుతుంది. ఎఫ్/8లో తియ్యి. సముద్రం గీత కుడివైపు వాలింది, సరిచెయ్యి. అంతే.

ఇక డబ్బు పెట్టకముందే లెన్స్ ప్రయత్నించి చూసే పద్ధతి ఒకటి చెప్తా. నీ కిట్ లెన్స్‌ను 50 దగ్గర పెట్టి జూమ్ రింగ్ తిరగకుండా ఒక ముక్క ఇన్సులేషన్ టేపు అంటించు. ఆ రోజంతా అలాగే తిరుగు. కందుకూరు సంతలో, బస్టాండులో, ఇంట్లో. ఊపిరాడనట్టు అనిపిస్తే 50 నీకు ఇరుకు. ఇంకో ఆదివారం 35లో, మరో ఆదివారం 24లో. అలాగే ఇప్పటిదాకా తీసిన ఫోటోలన్నీ కంప్యూటర్‌లో పెట్టి ఏ ఫోకల్ లెంగ్త్‌లో ఎక్కువ తీశావో చూడు. అన్నీ 55 దగ్గర పోగుపడితే నీకు టెలీ (దూరాన్ని దగ్గర చేసే లెన్స్) కావాలి, అన్నీ 18 దగ్గరైతే 10-18 లాంటిది ఆలోచించాలి. నువ్వు పెట్టిన నాలుగిట్లో రెండు 55, ఒకటి 35, ఒకటి 18. నా జవాబు అక్కడి నుంచే వచ్చింది.

మా నెల్లూరు వాళ్ళం ఆదివారం పొద్దున మైపాడు బీచ్‌కో, పెన్నా ఒడ్డున రంగనాయకుల గుడి వెనక్కో పోయినప్పుడు బ్యాగులు తెరిచి లెన్సులు ఒకరివొకరు మార్చుకుంటాం. కెనాన్ వాళ్ళు కెనాన్ వాళ్ళతో, నికాన్ వాళ్ళు నికాన్ వాళ్ళతో. కింద పడేస్తే పడేసినవాడిదే ఖర్చు, అది ముందే అనుకున్న మాట. ఒంగోలులో కూడా ఇలా కలిసేవాళ్ళు తప్పకుండా ఉంటారు, వెతుకు, నీకు దగ్గర. బండలాగుడు పోటీలకు 55-250 ఎంత బాగుంటుందో ఎవరి దగ్గరైనా అడిగి తీసుకుని ఒకసారి తీస్తే తెలుస్తుంది: పక్కగా నేల మీద కూర్చుని 1/800, ఎద్దు మూపురం బిగుసుకున్నప్పుడు, గిట్టల కింద దుమ్ము లేచినప్పుడు. ఎదురుగా మాత్రం నిలబడకు, ఒంగోలు గిత్త ఆగదు. అక్కడ లెన్స్ విప్పొద్దు, ఆ దుమ్మంతా సెన్సర్ మీదే ఉంటుంది.

పాత మాన్యువల్ లెన్సుల సరదా ఉంటే అదీ చెయ్యొచ్చు. ఎం42 మరలు ఉండే హీలియోస్ 58 ఎఫ్/2 లాంటివి మామూలు అడాప్టర్‌తో నీ కెనాన్‌కు పడతాయి, దూరం కూడా ఫోకస్ అవుతుంది. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లకైతే మధ్యలో అదనపు గాజు లేకుండా దూరం ఫోకస్ కాదు, మౌంట్ కొలతల తేడా వల్ల. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) పదిరెట్లు పెద్దది చేసి. పక్షులకు పనికిరాదు, మనుషులకు భలే ఉంటుంది. నీ మొదటి లెన్స్ మాత్రం అది కాకూడదు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు జాగ్రత్త. మా వాళ్ళలో ఒకాయన ఒక షాపులో తళతళలాడే 55-250 తెచ్చాడు, ఇంటికొచ్చి టార్చ్ వేస్తే లోపల సాలెగూడు. అదే ఫంగస్. కొనే చోటే వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడు. కొంచెం దుమ్ము ఉంటే పర్లేదు, వేళ్ళలా పాకిన తెల్లటి దారాలుంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. మౌంట్ దగ్గర స్క్రూల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పారని అర్థం. నీ బాడీకి తగిలించి 55లో, 250లో రెండుచోట్లా ఫోకస్ పట్టించి, ఐఎస్ (చేతి వణుకు కనపడకుండా చేసేది) ఆన్ ఆఫ్ చేసి తేడా చూడు. పాత ఐఎస్, ఐఎస్ 2 కూడా అదే 55-250 పేరుతో అమ్ముతారు, ఎస్‌టీఎం అని రాసి ఉన్నదే తీసుకో, ఫోకస్ వేగం, చప్పుడు రెండింట్లోనూ తేడా ఉంది. కెనాన్ మౌంట్ రకాల్లో నీ బాడీకి ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ రెండూ పడతాయి, ఆర్ఎఫ్ పట్టదు. రేపు కెనాన్ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) ఆర్ వరస బాడీకి మారినా ఈ రెండు లెన్సులూ అడాప్టర్‌తో పని చేస్తాయి కాబట్టి డబ్బు వృథా కాదు.

మనది కోస్తా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, మిగతా కాలం ఉక్క. లెన్సులు తోలు కవర్లలో, బీరువాలో పెట్టొద్దు. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, లోపల రంగు మారే సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు, నలభై నుంచి యాభై శాతం మధ్య ఉంటే చాలు. జెల్ రంగు మారితే బాణలిలో సన్న సెగ మీద వేడి చేసి మళ్ళీ వాడు. బియ్యంలో పెట్టమనే సలహా వినకు, ఆ పొడి లెన్స్‌లోకి పోతుంది. బీచ్ నుంచి రాగానే కొంచెం తడిపి పిండిన గుడ్డతో బయట భాగం తుడువు, ఉప్పు పేరుకుంటే మౌంట్ లోహం పాడవుతుంది. ఏసీ కారులోంచి దిగగానే కెమెరా బయటకు తీస్తే గాజు మీద ఆవిరి పడుతుంది, బ్యాగులోనే ఓ అరగంట ఉంచి తియ్యి.

యూవీ ఫిల్టర్: డిజిటల్‌లో యూవీ గొడవ లేదు, అది గాజుకు కాపలా మాత్రమే. బీచ్‌లో, బండలాగుడులో పెట్టు, మిగతా చోట్ల తీసెయ్యి, చవకది పెడితే దీపాలున్న చోట దెయ్యం మచ్చలొస్తాయి. దానికన్నా హుడ్ (లెన్స్ ముందు తగిలించే నీడ గొట్టం) ముందు కొను: 55-250 ఎస్‌టీఎంకు ఈటీ-63, 50 ఎస్‌టీఎంకు ఈఎస్-68. ఫిల్టర్ కొనేటట్టయితే 58 సైజు ఒకటి చాలు, నీ 18-55కూ 55-250కూ అదే పడుతుంది. 50కి మాత్రం 49.